నాయనమ్మ మూటలో పచ్చబడిన నాణేలు: చింతపండా, వెనిగరా, ఇంకేమన్నానా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదండీ. తెనాలి దగ్గర ఊళ్ళో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే నాయనమ్మగారి ట్రంకు పెట్టెలో రెండు కిలోల దాకా పాత నాణేల మూట దొరికింది, సగం పచ్చగా సగం నల్లగా ఉన్నయ్, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయినయ్, ఎప్పుడో చేలో దున్నుతుంటే దొరికినవి కూడా కొన్ని అందులోనే పడేశారని మీ నాన్నగారు అంటున్నారు. అమ్మగారేమో చింతపండు వేసి తోమేద్దాం అంటున్నారు, మీరేమో ఏదో వీడియో చూసి వెనిగర్ కొనుక్కొచ్చి నాలుగు కానీలు (అణాలో నాలుగో వంతు విలువ చేసే పాత నాణేలు) అందులో వేసి చూశారు. ఇంతకీ ఏది వాడాలి, ఎలా వేరు చేయాలి, ధర ఏమన్నా వస్తుందా అని.

డైరెక్ట్‌గా చెప్పేస్తా. రెండూ వద్దు. అసలు నీళ్ళు కూడా ఇప్పుడే తగలనివ్వొద్దు. ముందు పొడిగా ఉండగానే వేరు చేయండి, ఏది ఏ లోహమో తేల్చండి, ఆ తర్వాతే శుభ్రం చేయడం గురించి ఆలోచించండి. తీరా తేల్చాక మూటలో చాలావాటికి డిస్టిల్డ్ వాటర్, ఓపిక, ఈ రెండు తప్ప ఇంకేం అక్కర్లేదని మీకే తెలుస్తుంది. కొన్నిటికైతే అదీ అక్కర్లేదు, అలాగే వదిలేయాలి.

నేను గుంటూరులో కెమిస్ట్రీ చెప్తానండి, నాణేల పిచ్చి మాత్రం ఉద్యోగం కన్నా పాతది. పట్నం బజారు వైపు పాత రాగి ఇత్తడి తూకానికి కొనేవాళ్ళ దగ్గర కూర్చుని ఏరుకొచ్చినవి, తెలిసినవాళ్ళు డబ్బాల్లో తెచ్చి "కాస్త చూడండి మాస్టారూ" అని ఇచ్చినవి, ఇలా చాలానే చేతుల్లోంచి పోయినయ్. వాటిల్లో భూమి పాడుచేసినవాటి కన్నా మనుషులు తోమి పాడుచేసినవే ఎక్కువ, ఇందులో అతిశయోక్తి లేదు.

చింతపండు ఎందుకొద్దంటే, రాగి చెంబుకి పనిచేసినట్టే నాణేనికీ పనిచేస్తుంది, సమస్యే అది. చింతపండులో టార్టారిక్ ఆసిడ్, నిమ్మకాయలో సిట్రిక్ ఆసిడ్, వెనిగర్లో అసిటిక్ ఆసిడ్, మూడూ పైనున్న ఆక్సైడ్‌నీ చిలుమునీ కరిగించేస్తయ్. చెంబు మీద బొమ్మ లేదు, అక్షరాలు లేవు, పోతే పోయిందనుకోవచ్చు. నాణెం మీద వందేళ్ళుగా పేరుకున్న ఆ గోధుమ రంగు పొరలోనే సన్నటి గీతలు, రాణిగారి జుట్టు, సంవత్సరం అంకెలు నిలబడి ఉంటయ్. ఆ పొర పోతే కింద గులాబీ రంగు పచ్చి రాగి, దాని మీద చిన్న చిన్న గుంటలు. కొనేవాడు భూతద్దం కూడా తియ్యకుండానే "కడిగేశారు" అని పక్కన పెట్టేస్తాడు. ఒకాయన 1835 ఈస్ట్ ఇండియా కంపెనీ కానీలు గుప్పెడు తెచ్చి చూపించారు, అన్నీ పెళ్ళికి తోమిన బిందెల్లా తళతళలాడుతున్నయ్, ఎంత ముచ్చటపడి తోమారో పాపం, వాటికి తూకం ధర తప్ప ఇంకేం రాలేదు. ఇత్తడి సామాన్లు తోమే పౌడర్లు, టూత్‌పేస్ట్, కుంకుడు రసం, కోలాలో నానబెట్టడం, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తయ్. బ్యాటరీ వైర్లు పెట్టి ఎలక్ట్రాలసిస్ చేసే వీడియోలు కూడా చూసుంటారు, దాని జోలికి అసలే పోవద్దు.

సరే, వేరు చేయడం. ముందు ఫొటోలు తీయండి, మూట విప్పింది విప్పినట్టు ఉండగానే. కట్టిన గుడ్డ కూడా పారెయ్యొద్దు, చేలోవి ఏ చేలో ఎక్కడ దొరికాయో నాన్నగారికి గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి పెట్టండి, ఆ కాగితం ఒక్కోసారి నాణెం కన్నా విలువైంది అవుతుంది. మంచం మీద పాత తెల్ల దుప్పటి పరిచి పగటి వెలుతుర్లో కూర్చోండి. పది రెట్లు చూపించే భూతద్దం, గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా, ఒక అయస్కాంతం, ఇవి చాలు. నాణేన్ని అంచులు పట్టుకుని తియ్యండి, ముఖం మీద వేళ్ళు పెట్టొద్దు, మన చేతి చెమట ఉప్పే రాగికి మొదటి శత్రువు.

అయస్కాంతంతో మొదలుపెట్టండి, పని తొందరగా తెములుతుంది. అంటుకున్నవాటిల్లో ఎక్కువ మొన్నమొన్నటి స్టీలు చిల్లరే ఉంటుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర పిల్లలు తాడుకి అయస్కాంతం కట్టి కృష్ణలోంచి లాగుతుంటారే అవి. కాకపోతే ఇక్కడో తిరకాసు ఉంది. 1947 జార్జి రూపాయిలు, 1946, 1947 అర్ధ రూపాయిలు, పావలాలు కూడా అంటుకుంటయ్, ఎందుకంటే అవి నికెల్. చాలా ఇళ్ళల్లో వాటిని వెండి రూపాయలనుకుని దేవుడి గూట్లో పెట్టుకుంటారు. 1835 నుంచి 1939 దాకా రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. 1940 నుంచి 45 దాకా యుద్ధం రోజుల్లో వెండి సగానికి తగ్గించారు, 46లో అసలే ఎత్తేశారు. వెండి అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి విక్టోరియా రూపాయి గనక అంటుకుందంటే అది నకిలీ, ఆలోచించక్కర్లేదు. 1939 రూపాయి దొరికితే మాత్రం ఎగిరి గంతెయ్యకముందు తెలిసినవాళ్ళకి చూపించండి, అది అరుదు, అరుదు కాబట్టే దొంగవి కూడా ఎక్కువ.

మీ మూటలో ఎక్కువ ఉండేది రాగి, కంచు. విక్టోరియా కానీల మీద 1876 దాకా క్వీన్ అని ఉంటుంది, 1877 నుంచి ఎంప్రెస్. తర్వాత ఎడ్వర్డు, ఇద్దరు జార్జిలు. 1906లో కానీని రాగి నుంచి కంచుకి మార్చి బరువు కూడా ఆరున్నర గ్రాముల దగ్గర్నుంచి ఐదు లోపుకి తగ్గించారు, అందుకే పైన పూర్తిగా అరిగి నల్లబడినా కాటా మీద పెడితే ఏ కాలందో తెలిసిపోతుంది. చిల్లు కానీలు 1943 నుంచి 47 మధ్యవి. పసుపుపచ్చగా ఇత్తడిలా కనిపించే అణాలు, బేడలు (రెండణాలు) 1942–45 నాటివి. అంచులు అలల్లా ఉండే అణా 1907 నుంచి వచ్చింది. ఇక తేలిగ్గా తెల్లగా పొడి పట్టి ఉండేవి మన అల్యూమినియం పైసలు, 1964 తర్వాతవి, మూడు పైసలతో సహా. ఇంకా వెనక్కి పోతే మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో కొట్టించిన 1803, 1808 నాటి 10 కాసులు, 20 కాసులు, ఒకవైపు కంపెనీ వారి ముద్ర, రెండోవైపు పారశీ రాత. వీటి గురించి ఓ ముచ్చట, 1808వి ఓడ నిండా మన వైపుకి వేసి పంపిస్తే 1809లో ఆ ఓడ ఇంగ్లీషు తీరం దాటకుండానే మునిగింది, 1980ల్లో పైకి తీశారు. అంటే గుంటూరు సంతలో ఖర్చవ్వాల్సిన కాసులు నూట డెబ్భై ఏళ్ళ పైన సముద్రం అడుగున ఉన్నాయన్నమాట.

రాముడు సీత హనుమంతుడు బొమ్మలుండి కింద 1818 అనో 1616 అనో, ఈస్ట్ ఇండియా కంపెనీ అనో రాసున్న రాగి నాణెం ఒకటన్నా మీ మూటలో ఉంటుందని నా నమ్మకం, ప్రతి ఇంట్లో ఉంటుంది. అది నాణెం కాదు, తర్వాతెప్పుడో గుడి దగ్గర అమ్మిన బిళ్ళ. కంపెనీ వాళ్ళు మద్రాసులో స్వామి బొమ్మతో బంగారు వరహాలు వేసిన మాట నిజమే, రాముడి పట్టాభిషేకంతో రాగి అణాలు మాత్రం ఎప్పుడూ వేయలేదు. దాన్ని చూపించి బియ్యం లాగుతుంది, కోట్లు వస్తయ్ అని ఎవరన్నా దిగితే వెంటనే పోలీసులకి ఫోన్ చేయండి, రైస్ పుల్లింగ్ పేరుతో మన జిల్లాల్లో మునిగినవాళ్ళు తక్కువేం లేరు.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సింది. చేలో దొరికినవి అన్నారు కదా, వాటిని ముందు విడిగా తీసేయండి. అమరావతి, ధాన్యకటకం చుట్టుపక్కల, ఆ మాటకొస్తే కృష్ణకి రెండు వైపులా, శాతవాహనుల నాణేలు దొరుకుతుంటయ్, వాటిల్లో చాలా సీసంవి. ఏనుగు, ఉజ్జయిని గుర్తు అంటే నాలుగు సున్నాలు కలిపిన ప్లస్ లాంటిది, తీరం వైపు దొరికేవాటి మీద రెండు తెరచాప కొయ్యల ఓడ, ఇలాంటి బొమ్మలుంటయ్. ఆ తర్వాతి ఇక్ష్వాకులవీ సీసమే. విష్ణుకుండినులవి సింహం ఒకవైపు, శంఖం ఒకవైపు ఉండే రాగి కంచు బిళ్ళలు. గోల్కొండ సుల్తానుల రాగి ఫలూస్‌లు మందంగా పారశీ రాతతో ఉంటయ్. చూడ్డానికి ఇవన్నీ మట్టిబిళ్ళల్లా అసహ్యంగా ఉంటయ్, పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడేసుకునేట్టు.

సీసం ఎలా తెలుస్తుందంటే సైజుకి మించి బరువుగా ఉంటుంది, బూడిద రంగు, పైన తెల్లటి పొడి. సీసం మీద వెనిగర్ చుక్క కూడా పడకూడదు. పాత రోజుల్లో తెల్ల పెయింటు తయారీ ఇదే కదా, సీసం రేకుల్ని వెనిగర్ ఆవిర్లో పెడితే అవి తెల్లటి పిండి అయిపోయేవి. సత్తెనపల్లి వైపు నుంచి ఒకబ్బాయి అలాంటివి వెనిగర్లో రాత్రంతా ఉంచి తెచ్చాడు, గిన్నె అడుగున తెల్ల సుద్ద, దాంట్లో ఏనుగు ఏదో తొండం ఏదో చెప్పలేని పరిస్థితి. వెనిగర్ దాకా కూడా అక్కర్లేదు, చెక్క పెట్టెలోంచి, అట్ట డబ్బాలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికే సీసం తెల్లబడుతుంది, అందుకని వీటిని గట్టి పాలిథిన్ లేదా గాజు డబ్బాలో పెట్టండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ పొడి పీల్చొద్దు, పిల్లలకి ఇవ్వొద్దు, విషం. మట్టి ఉంటే మెత్తటి బ్రష్‌తో పొడిగా దులపడం వరకే మీ పని. తర్వాత అమరావతి మ్యూజియంలోనో, గుంటూరు బౌద్ధశ్రీ మ్యూజియంలోనో, బెజవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియంలోనో అడగండి.

దీంట్లోనే చట్టం సంగతి కూడా చెప్పేస్తా. నేలలో దాచినది ఏదైనా దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి, ఇది 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం, ఇప్పటికీ ఉంది. నాయనమ్మగారు వాడుకుని పెట్టెలో దాచుకున్న కానీలకి దీంతో పేచీ లేదు. చేలోవి గుత్తిగా కుండలో దొరికినవైతే మాత్రం దాచిపెట్టొద్దు. వందేళ్ళు దాటిన వాటిని విదేశాలకి అమ్మడం, పంపడం కూడా 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం కుదరదు.

ఇప్పుడు శుభ్రం చేయడం, కేవలం రాగి కంచు గురించి. ఏ గిన్నెలో ఆ లోహమే, రాగి వెండి కలిపి నానబెట్టొద్దు, తడిలో రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకితే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది, బాటిల్ మీద చదివి తీసుకోండి, పక్కనే యాసిడ్ కూడా అమ్ముతారు. మున్సిపల్ నీళ్ళలో క్లోరిన్, మన బోరు నీళ్ళలో ఉప్పు, రెండూ పనికిరావు. గాజు గిన్నెలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చండి, నీళ్ళు రంగు మారడం ఆగేదాకా. వారం పట్టొచ్చు, నెల పట్టొచ్చు. మధ్యలో తీసి మట్టిని తడిగా ఉండగానే వెదురు టూత్‌పిక్‌తోనో, కొబ్బరి ఈనె చివర్తోనో, మొండి మట్టి అయితే తుమ్మ ముల్లుతోనో నెమ్మదిగా తీయాలి, సూది వద్దు, ఇనుప బ్రష్ అసలే వద్దు. ముల్లు రాగి కన్నా మెత్తన కాబట్టి గీత పడదు.

అతుక్కుపోయిన గుత్తుల్ని సుత్తితో కొట్టొద్దు, చేత్తో విరవొద్దు. అవి చాలావరకు చిలుముతో అంటుకున్నవే, నీళ్ళలో నానితే కొన్ని వాటంతటవే ఊడతయ్. ఊడకపోతే మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ తెచ్చి అందులో వేసి మర్చిపోండి. ఆలివ్ ఆయిల్ అని కొందరు చెప్తారు, పనిచేస్తుంది గానీ అందులోనూ కొంచెం ఆమ్లం ఉంటుంది, పైగా పారాఫిన్ చవక.

పూజ గూట్లోంచి వచ్చినవైతే మీద పసుపు, కుంకుమ, నూనె కలిసి జిడ్డుగా పచ్చటి పేస్టు పట్టి ఉంటుంది. అది నీళ్ళకి పోదు. ల్యాబ్ కెమికల్స్ షాపులో స్వచ్ఛమైన అసిటోన్ తీసుకుని గాజు సీసాలో ముంచండి, జిడ్డు కరుగుతుంది, లోహాన్ని మాత్రం ముట్టదు. నెయిల్ పాలిష్ రిమూవర్ వేరు, దాంట్లో రంగులూ సెంట్లూ ఉంటయ్, అది వద్దు. ఆరుబయట చేయండి, పొయ్యి దగ్గర, దీపం దగ్గర వద్దే వద్దు. పాత ప్లాస్టిక్ ఆల్బమ్‌లో పెట్టినందుకు వచ్చే పచ్చ జిగురుకి కూడా ఇదే మందు.

అన్ని పచ్చలూ ఒకటి కాదు, ఇది బాగా చూసుకోండి. ముదురు పచ్చగా నున్నగా గట్టిగా ఉంటే అది నాణేన్ని కాపాడుతున్న పొర, దాన్ని వదిలేయండి. లేత పచ్చగా, సుద్దపొడిలా, గోటితో గీకితే రాలేట్టు చుక్కలు చుక్కలుగా ఉంటే అది జబ్బు. లోపల రాగి క్లోరైడ్ చేరి ఉంటుంది, గాల్లో తేమ తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇంకొంచెం రాగిని తింటుంది, మళ్ళీ క్లోరైడ్ తయారవుతుంది, అలా నాణెం గుల్లయ్యేదాకా ఆగదు. బాపట్ల, బందరు వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళ నుంచి వచ్చినవాటిల్లో ఇది బాగా చూస్తుంటా. అనుమానంగా ఉంటే ఆ పొడి దులిపి, మూత ఉన్న డబ్బాలో తడి దూది పక్కన ఒక రోజు ఉంచండి, మళ్ళీ లేతపచ్చ పొడి లేచిందంటే ఖాయం.

దానికి ఇంట్లో చేయగలిగింది చాకలి సోడా, వంట సోడా సమానంగా కలిపి లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి యాభై గ్రాములు వేసి అందులో నానబెట్టడం, వారానికోసారి ద్రావణం మార్చడం. నెలలు పడుతుంది, పొర రంగు కొంచెం మారొచ్చు కూడా, అయినా నాణెం మొత్తం పోవడం కన్నా నయం. తర్వాత ఇంకో వారం ఉత్త డిస్టిల్డ్ వాటర్. మ్యూజియంలలో బెంజోట్రయజోల్ అనే రసాయనం వాడతారు, అది ఇంట్లో చేసే పని కాదు. జబ్బు ఉన్నవాటిని మిగతావాటితో కలిపి పెట్టొద్దు.

వెండి గురించి పెద్దగా చెప్పేది లేదు, నలుపు వెండి సల్ఫైడ్, దాన్ని ఉంచేయండి. అల్యూమినియం ఫాయిల్, సోడా, వేడి నీళ్ళ చిట్కా పనిచేస్తుంది గానీ తర్వాత వెండి కళ పోయి పేలగా అయిపోతుంది. అల్యూమినియం పైసల్ని సోడా నీళ్ళలో వెయ్యొద్దు, కరుగుతయ్, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

కడిగినవి మెత్తటి గుడ్డతో అద్ది (రుద్దొద్దు), ఫ్యాను కింద పూర్తిగా ఆరాక మాత్రమే లోపల పెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కాకుండా మైలార్ (పారదర్శకమైన పాలియెస్టర్ ఫిల్మ్) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు, డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, వర్షాకాలంలో ఆ పొట్లాలు మార్చడం.

ధర అడిగారు. మామూలు విక్టోరియా, జార్జి కానీలు, చిల్లు కానీలు కోట్లల్లో వేశారు, అరిగినవైతే చిల్లర డబ్బులే. వెండి రూపాయలకి కనీసం వెండి ధర ఉంటుంది. మిగతాదంతా సంవత్సరం, టంకశాల గుర్తు, ఎంత అరిగింది అన్నదాన్ని బట్టి, అందుకే తొందరపడి ఎవరికీ కిలో లెక్కన ఇవ్వొద్దు. వైష్ణోదేవి నాణేనికి పది లక్షలు, ట్రాక్టరు బొమ్మ నోటుకి లక్షలు అని ఫోన్లు వస్తే, ముందు ఫీజు కట్టమంటే అది మోసం. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఇలా చేస్తున్నారని, పాత నాణేలు కొనడం అమ్మడంతో తమకి సంబంధం లేదని 2021లో బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

ఇక మీరు వెనిగర్లో వేసిన ఆ నాలుగు. ఇంకా అందులోనే ఉంటే ఇది చదవడం ఆపి ముందు బయటికి తీయండి. గ్లాసు డిస్టిల్డ్ వాటర్‌లో చెంచాడు వంట సోడా కలిపి ఒక పావుగంట ముంచండి, మిగిలిన ఆసిడ్ విరిగిపోతుంది, తర్వాత రెండు మూడు సార్లు ఉత్త డిస్టిల్డ్ వాటర్ మార్చి ఆరబెట్టండి. గులాబీ రంగుకి తిరిగుంటే మళ్ళీ నల్లగా చేయాలని ఏదీ పూయొద్దు, గాలికి వదిలేస్తే ఏళ్ళ మీద మెల్లగా గోధుమ రంగుకొస్తయ్. చేలోవాటికి మాత్రం రెండు వైపులా ఫొటోలు, పక్కన స్కేలు, గ్రాముల్లో బరువు పెట్టండి, ఎండ తగలని పగటి వెలుతుర్లో తీయండి, ఫ్లాష్ వద్దు. చూసి చెప్తా.